ఇంజను వెనక మిగిలిన దూది

కారు ఇంజనును ఇంటి దగ్గర, దేనికీ దెబ్బ తగలకుండా ఎలా కడగాలో నాకు బాగా తెలుసు. ఎవరైనా అడిగితే ఇప్పటికీ వరస తప్పకుండా చెప్పగలను. నా జీవితంలో ఒక్కసారే కడిగాను. కడిగింది నేను, పని పోయింది ఆ కారు డ్రైవరుకి. ఎందుకు పోయిందో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణేనని చాలాకాలం అనుకున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను చిలకలూరిపేట దగ్గర హైవే పక్కనున్న ఒక పత్తి మిల్లులో గేటు గుమాస్తాని. పత్తి ట్రాక్టరు వస్తే రైతు పేరు, ఊరు రాసుకుని, చీటీ చించి ఇచ్చి కాటా వైపు పంపటం నా పని. పదో తరగతితో నా చదువు ఆగిపోయింది. ఆ సంగతి ఒప్పుకోవటం నాకు ఇష్టం ఉండేది కాదు. డ్యూటీ దిగగానే సైకిలెక్కి శాఖా గ్రంథాలయానికి పోయేవాణ్ణి. ఎంచుకుని చదవటం నాకు తెలియదు, బీరువా బీరువా వరసపెట్టి చదివాను. తేనెటీగల పెంపకం, రోమను చక్రవర్తులు, మూత్రపిండాల జబ్బులు, రేడియో రిపేరు. ఇంటికి ఇవ్వని పుస్తకాలైతే అక్కడే కూర్చుని నోటు పుస్తకంలో ఎత్తి రాసుకునేవాణ్ణి. గ్రంథపాలకుడు ఒకసారి ఎవరికో నన్ను చూపించి, "ఈ అబ్బాయి మా దగ్గర ఎమ్మే చేస్తున్నాడండీ" అన్నాడు. అది వెటకారమో మెచ్చుకోలో తేల్చుకోలేకపోయాను గాని, ఆ మాటను నెలరోజులు నెమరేసుకున్నాను.

మిల్లు షావుకారు కారు నడిపే ఆయన మా వీధిలోనే ఉండేవాడు. నేను ఆయన్ని బాబాయ్ అని పిలిచేవాణ్ణి. యాభై దాటిన సన్నటి మనిషి. చిన్నతనంలో పొగాకు కూలికి పోయి, తర్వాత లారీ క్లీనరై, డ్రైవింగు నేర్చుకుని, షావుకారు తండ్రి కాలంలో మిల్లు లారీ మీదికి వచ్చాడు. అక్కణ్ణించి కారు మీదికి. వారంలో ఆరు రోజులు ఖాకీ చొక్కా, ఆదివారం చర్చికి తెల్లచొక్కా. ఏ చొక్కా అయినా జేబులో చుట్ట ఉండాల్సిందే.

పత్తి మిల్లులో చుట్టంటే ఉన్న భయం పామంటే కూడా ఉండదు. మా గేటు దగ్గర వాచ్‌మన్ బల్ల మీద ఒక రేకు డబ్బా ఉండేది. లోపలికి పోయే ప్రతి మనిషీ అగ్గిపెట్టె, బీడీ, చుట్ట ఏదున్నా అందులో వేసి పోవాలి. బయటికి వచ్చేటప్పుడు తీసుకోవాలి. రైతులకీ అదే, తనిఖీకి వచ్చే ఆఫీసర్లకీ అదే. బాబాయ్ మాత్రం కారు దిగేవాడు కాదు. గేటు బయటే చుట్ట ఆర్పి, కిటికీలోంచి చెయ్యి చాపి, ముందు అద్దం కింద వైపరు సందులో ముక్కను దోపేవాడు. వాచ్‌మన్ రోజూ అరిచేవాడు.

"పెద్దాయనా, నీ చుట్ట నా డబ్బాలో ఎయ్యవా?"

"నీ డబ్బాలో ఏస్తే మజ్జానానికి నువ్వు తాగేస్తావు గదా!"

"నీ ఎంగిలి చుట్ట నేను తాగేదేందయ్యా!"

"పోయిన్నెల తాగలా?"

ఇదంతా అందరూ రోజూ చూసేదే, నవ్వుకునేదే. షావుకారు మాత్రం నవ్వేవాడు కాదు. "ఒరేయ్, ఏదో ఒకరోజు నా మిల్లు తగలేస్తావురా" అనేవాడు.

ఒక శనివారం షావుకారు బాబాయికి చెప్పాడు: సోమవారం కోయంబత్తూరు నుంచి దూది కొనేవాళ్ళు వస్తున్నారు, వాళ్ళని అద్దంకి వైపు తీసుకెళ్ళి పంట చూపించాలి, కారు లోపలా బయటా మెరవాలి. బయట మెరిపించటం బాబాయికి చిటికెలో పని. బానెట్ ఎత్తితేనే సిగ్గు. అది పాత పెట్రోలు కారు. ఇంజను మీద నూనె జిడ్డు, జిడ్డు మీద మిల్లులో ఎగిరే దూది పీచు, దాని మీద రోడ్డు దుమ్ము, మళ్ళీ పీచు. ఇంజనుకి బొంత కుట్టి కప్పినట్టుండేది. అంతకుముందు ఏడాది హైవే మీద నీళ్ళ సర్వీసింగు షెడ్డులో పైపుతో కొట్టించాడు. తడి ఎక్కడికో పోయి బండి ఒక పూటంతా మూలిగిందే గాని స్టార్టవలేదు. అప్పట్నుంచి ఇంజను మీద చుక్క నీరు పడనిచ్చేవాడు కాదు.

"అది వాళ్ళకి కడగటం తెలియక, బాబాయ్," అన్నాను. "దానికో పద్ధతుంది."

"నీకు తెలుసా?"

"సాయంత్రానికి తెలుస్తుంది."

ఆయన పడీపడీ నవ్వాడు. నేను మాత్రం నిజంగానే అన్నాను. మోటారు బండ్ల సంరక్షణ మీద లావుపాటి పుస్తకం ఒకటి గ్రంథాలయంలో ఎక్కడుందో నాకు తెలుసు. ఇంటికి ఇవ్వరు. ఆ సాయంత్రం తలుపులు వేసేదాకా కూర్చుని ఇంజను శుభ్రం చేసే అధ్యాయం మొత్తం ఎత్తి రాసుకున్నాను.

ఆదివారం పొద్దున్నే బాబాయ్ కారు తెచ్చి మా ఇంటి ముందు, బోరింగు పక్కన నీడలో పెట్టాడు. షావుకారింట్లో నీళ్ళకి ఇబ్బంది, అందుకని ఎప్పుడు కడిగినా మా వీధికే తెచ్చేవాడు. తెల్లచొక్కా వేసుకుని ఉన్నాడు.

"నేను ఆరాధనకి పోయొస్తా. బండి మీద ఇంకో చెయ్యి పడిందంటే షావుకారు ఒప్పుకోడు. ఎవరన్నా అడిగితే నేను కడుగుతున్నానని చెప్పు. జాగర్త అబ్బాయ్."

"పుస్తకంలో ఉన్నట్టే చేస్తాను."

"అందుకేగా నీకిచ్చి పోతన్నా," అన్నాడు.

నోటు పుస్తకం కిటికీలో తెరిచి పెట్టుకున్నాను. మొదటిది, ఇంజను చల్లారాలి. వేడి మీద చల్లటి నీళ్ళు పడితే ఇనుము పగలవచ్చు, కిరోసిను తగిలితే అంటుకోవచ్చు. చెయ్యి ఆనించి ఇరవై లెక్కపెట్టేదాకా ఉంచగలిగితే చల్లారినట్టు. అలాగే చూశాను. రెండోది, బ్యాటరీకి నల్ల తీగ ముందు విప్పాలి. విప్పి, కొన బ్యాటరీకి తగలకుండా గుడ్డ చుట్టాను. మూడోది, నీళ్ళు తగలకూడని వాటిని ప్లాస్టిక్ కవర్లతో కప్పి రబ్బరు బ్యాండ్లు వెయ్యాలి. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు, కాయిలు, కార్బురేటరు గాలి పీల్చే మూతి, డైనమో, ఆయిలు పోసే మూత, బ్యాటరీ. మొత్తం ఆరు కవర్లు. ఆరింటినీ నోటు పుస్తకం అంచున అంకె వేసి రాసుకున్నాను.

ఇక్కడిదాకా పుస్తకం. ఆ తర్వాత నా తెలివి మొదలైంది.

కవరు కట్టినా తీగలు లోపలికి పోయేచోట సందు మిగిలింది. సందులోంచి నీళ్ళు పోతే? పుస్తకం రాసినాయన ఏ పట్నంలోనో కూర్చుని రాసి ఉంటాడు, ఆయనకి దూది సంగతి ఏం తెలుస్తుంది అనుకున్నాను. మా ప్రాంతంలో దూదితో చెయ్యని పని లేదు. దీపం వత్తి, చెవిలో చుక్కల మందు, పగిలిన గొట్టానికి చుట్టు, తలగడ, అన్నిటికీ అదే. మిల్లు నుంచి తెచ్చుకున్న దూది ఇంట్లో ఒక సంచెడు ఉంది. ఉండలు చేసి సందులన్నిట్లో కుక్కాను. తడి ఏమాత్రం వచ్చినా పీల్చేసుకుంటుందని నాకు నేనే మెచ్చుకున్నాను.

ముందు పొడి బ్రష్‌తో పీచు, దుమ్ము రాల్చాను. జిడ్డు గట్టిగా పట్టినచోట కిరోసినులో ముంచిన కుంచెతో రుద్ది, సబ్బునీళ్ళతో ఇంకోసారి రుద్ది, చెంబుతో కొద్దికొద్దిగా, ఎత్తునుంచి కాకుండా దగ్గర్నుంచి నీళ్ళు పోశాను. నల్లటి నీళ్ళు కాలువ కట్టి వీధిలోకి పోతున్నాయి. మా అమ్మ గడప మీద నిలబడి చూసింది.

"ఆ బండికి చేసే సేవలో వీసం ఇంట్లో కిరసనాయిలు పొయ్యికి చెయ్యరా. మసి పట్టి మూడు నెలలైంది."

"పొయ్యి కడగటం మీద పుస్తకం దొరకలేదమ్మా."

"దొరకదులే. అది ఆడోళ్ళ పని గదా."

పాత పంచెతో తుడిచాను. ఒక్కో కవరూ విప్పుతూ నోటు పుస్తకంలో అంకె కొట్టేశాను. ఆరు వేశాను, ఆరు తీశాను. 'మూసినవన్నీ తీశామా లేదా అని తప్పక లెక్క చూసుకోవాలి' అన్న వాక్యం నా చేతిరాతలోనే ఆ పేజీలో ఉంది. లెక్క చూసుకున్నాను కూడా. దూది ఉండలు కనిపించినవి కనిపించినట్టు తీసి అవతల పారేశాను. అవి పుస్తకంలో లేవు గనక లెక్కలో లేవు.

ఆ కింద ఇంకో వాక్యం ఉంది. బ్యాటరీ తీగ బిగించాక బానెట్ తెరిచే ఉంచి, ఇంజనును పావుగంట నడిపించి, చుట్టూ తిరిగి పొగ, వాసన, కారటం ఏమన్నా ఉన్నాయేమో చూడాలి. నేను తీగ బిగించేసరికి బాబాయ్ చర్చి నుంచి వచ్చాడు. ఇంజను చూసి రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని నిలబడిపోయాడు.

"ఏందబ్బాయ్ ఇది! ఇందులో చూసి తల దువ్వుకోవచ్చు!"

"స్టార్ట్ చెయ్యి బాబాయ్."

తిప్పగానే అందుకుంది. ఒక్క మూలుగు లేదు. పక్కింటివాళ్ళు కూడా వచ్చి చూశారు. మా అమ్మ పొయ్యి సంగతి బాబాయికి కూడా చెప్పి దెప్పింది. ఎవరో అడిగితే పద్ధతంతా మొదటినుంచి చెప్పటం మొదలుపెట్టాను. చల్లార్చటం, నల్ల తీగ, ఆరు కవర్లు. నేను చెప్పుకుంటూ ఉండగానే రెండు నిమిషాలకి బాబాయ్ ఇంజను ఆపి బానెట్ దించాడు. ఇంకాసేపు నడవనియ్యమని అనాలి. అనలేదు. నన్ను వినేవాళ్ళున్నారు.

మర్నాడు సాయంత్రం నాలుగింటప్పుడు కారు అద్దంకి నుంచి మిల్లుకి వచ్చింది. వెనక సీటులో షావుకారు, కోయంబత్తూరు నుంచి వచ్చిన ఇద్దరు. వాచ్‌మన్ టీకి పోయాడు, గేటులో నేనొక్కణ్ణే ఉన్నాను. రోజూ దిగని బాబాయ్ ఆ రోజు దిగాడు. జేబులోంచి సగం కాలిన చుట్ట తీసి నా ఎదురుగా డబ్బాలో వేశాడు.

"వాచ్‌మన్ వస్తే చెప్పు, ఇయ్యాల పెద్దాయన డబ్బాలోనే ఏశాడని. పైవూరోళ్ళ ముందు మన మిల్లు పరువు పోగూడదు గదా," అని మెల్లగా అని, కన్ను గీటి, కారు లోపలికి తీసుకుపోయాడు.

కారును ఆవరణలో చెట్టుకింద పెట్టాడు. దానికి పది పన్నెండడుగుల దూరంలో ఆ రోజు దిగిన పత్తి, మనిషెత్తు కుప్ప. ముప్పావుగంట గడిచిందో లేదో హమాలీ ఒకడు గావుకేక పెట్టాడు. నేను పరిగెత్తేసరికి బానెట్ అంచులనుంచి తెల్లటి పొగ వస్తోంది. బాబాయ్ తువ్వాలు చేతికి చుట్టుకుని బానెట్ ఎత్తాడు. గాలి తగలగానే లోపల మంట లేచింది. ఇసక బకెట్లు ఎప్పుడూ నింపే ఉంటాయి, అందరూ తలా ఒకటి కుమ్మరించారు. మంట ఆరింది. తీగల మీది రబ్బరు కరిగి కంపు కొడుతోంది. ఇద్దరు ముగ్గురు పత్తి కుప్పకి అడ్డంగా గోనెలు పట్టుకుని నిలబడ్డారు, అటు నిప్పురవ్వ ఎగరకుండా.

కారును కుప్పకి దూరంగా తొయ్యటానికి నేనూ చెయ్యి వేశాను. అప్పుడు కనిపించింది. ఇంజను వెనక, పొగ బయటికి పోయే ఇనప గొట్టానికీ ఇంజనుకీ సీట్లకీ అడ్డంగా ఉండే రేకుకీ మధ్య, నల్లగా మాడిన ఉండ. అంచున ఇంకా తెల్లగా కొంచెం మిగిలి ఉంది. దూది.

దూదికి వేడి తగిలితే వెంటనే మండదు. లోపల్లోపల నెమ్మదిగా తింటుంది. గట్టిగా కట్టిన దూది బేలు మధ్యలో నిప్పుంటే రెండు రోజులైనా బయటికి తెలియదు. ఈ సంగతి మా మిల్లులో ఊడ్చే మనిషికి కూడా తెలుసు. నాకు తెలియదని ఎలా అంటాను? నేను కుక్కిన ఉండ ఒకటి జారి వెనక్కి పడింది. కిరోసినూ నీళ్ళూ కలిసి పీల్చుకుని ఒక రోజు తడిగా ఉంది. అద్దంకి పోయి వచ్చేసరికి గొట్టం వేడికి ఎండి, రాజుకుంది. అదంతా ఒక్క క్షణంలో, పుస్తకంలో చదివినంత స్పష్టంగా అర్థమైంది. ఎవరూ చూడకుండా ఆ ఉండను తీసి జేబులో వేసుకున్నాను. వేలు కాలింది.

షావుకారు పరిగెత్తుకొచ్చాడు. కారు పోతే ఆయనకి లెక్కలేదు. ఆయన కళ్ళు పత్తి కుప్ప మీదే ఉన్నాయి.

"చుట్ట ఆ అద్దం కింద దోపబాకరా అని ఎన్నిసార్లు చెప్పాను నీకు?"

"ఇయ్యాల దోపలేదండీ. డబ్బాలో ఏశాను."

"డబ్బాలో పది చుట్టలున్నాయి. ఏది ఎవరిదని అడగను?" అని, నా వైపు తిరిగాడు. "గేటులో నువ్వేగా ఉండావు? వీడు డబ్బాలో వెయ్యటం చూశావా?"

బాబాయ్ నా వైపు చూశాడు. ఆయన మొహంలో భయం లేదు. చూశానని చెప్తానని ఆయనకి తెలుసు. చూశానంటే, చుట్ట కాకపోతే మరేంటని అడుగుతారు. బానెట్ లోపల నిన్న ఎవరు చెయ్యి పెట్టారని అడుగుతారు. జేబులో ఉండ ఇంకా వెచ్చగా తొడకి తగులుతోంది.

"నేను చీటీలు రాసుకుంటున్నానండీ. చూళ్ళేదు," అన్నాను.

 షావుకారు బాబాయిని తాళాలు ఇమ్మన్నాడు. ఇచ్చాడు. గేటు దాటేటప్పుడు డబ్బా దగ్గర ఆగి, వేలితో కెలికి, తన చుట్ట ముక్కను ఏరుకుని పోయాడు. అప్పటికి వచ్చిన వాచ్‌మన్, "ఏమైంది పెద్దాయనా?" అని అడుగుతున్నాడు. నేను తల వంచుకుని చీటీల పుస్తకంలో ఏదో గీస్తూ కూర్చున్నాను.

ఆ సాయంత్రం ఆ ఉండను మురిక్కాలవలో పారేసి, మూడుసార్లు చేతులు కడుక్కున్నాను.

పత్తి మిల్లుల్లో మాట త్వరగా పాకుతుంది. చుట్టతో షావుకారు కారు తగలబెట్టినవాడు అని పేరు పడ్డాక ఆ చుట్టుపక్కల ఏ మిల్లువాళ్ళూ ఆయన్ని బండి ఎక్కనియ్యలేదు. ఒకాయన పనికి రమ్మని, పేరు తెలిశాక వద్దన్నాడట. నెలన్నరకి ఇల్లు ఖాళీ చేసి దర్శిలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. సామాను ఆటోలోకి ఎక్కించటానికి నేనూ సాయం పట్టాను. అంతకంటే సిగ్గులేని పని నేను ఎన్నడూ చెయ్యలేదు. ఆటో ఎక్కబోతూ, "పుస్తకాలు మానబాక అబ్బాయ్" అన్నాడు. అందులో దెప్పు ఉందేమోనని ఎంత వెతికినా దొరకలేదు.

గ్రంథాలయానికి పోవటం మానలేదు. ఇంకా ఎక్కువ పోయాను. కాని మోటారు బండ్ల పుస్తకమున్న బీరువా వైపు పోయేవాణ్ణి కాదు. చెప్పేద్దామని షావుకారు గది గుమ్మం దాకా రెండుసార్లు వెళ్ళాను. ఒకసారి ఆయన ఫోనులో ఉన్నాడు. ఇంకోసారి లేడు. ఆయన లేడని తెలియగానే నాకు కలిగిన హాయి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో ఒళ్ళు కుంచించుకుపోతుంది.

మూడేళ్ళ తర్వాత మిల్లు పని మీద నన్ను దర్శి పంపారు, పత్తి రైతుల దగ్గరికి. పని అయ్యాక వాకబు చేస్తే బాబాయ్ ఒక మిషను బడిలో గంట కొట్టే పనిలో ఉన్నాడని చెప్పారు. వెళ్ళాను. వరండాలో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఖాకీ చొక్కానే, కాని జుట్టు పూర్తిగా తెల్లబడింది. నన్ను చూసి లేచి నిలబడి చేతులు పట్టుకున్నాడు.

"ఎంత సన్నబడ్డావురా! అమ్మ బాగుందా? పొయ్యి కడిగావా?"

నేను నవ్వలేకపోయాను. బస్సులో కూడబలుక్కున్నదంతా మర్చిపోయి ఒకేసారి చెప్పేశాను. దూది ఉండలు, లెక్క, గొట్టం వెనక మాడిన ఉండ, జేబు, షావుకారుతో ఆడిన అబద్ధం. ఆయన వింటూ, మధ్యలో లేచి గంట కొట్టి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

"తెలుసులే," అన్నాడు.

"ఏం తెలుసు?"

"దూది. అద్దంకిలో రేడియేటరులో నీళ్ళు చూద్దామని బానెట్ ఎత్తినప్పుడు కనపడింది. గొట్టం పక్కన తెల్లగా. తీసేద్దామని చెయ్యి కూడా పెట్టాను. మళ్ళా అనుకున్నా, నువ్వు ఊరికే పెట్టవు, పుస్తకంలో ఉండి ఉంటది, తడి పీల్చటానికి పెట్టి ఉంటావు అని. వదిలేశా."



"మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదు బాబాయ్?"

"చెప్తే నువ్వు ఇరుక్కుంటావు. నువ్వే చెప్తావులే అని చూశా." చొక్కా జేబు తడుముకుని, బడిలో ఉన్నానని గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఇంతకీ షావుకారుకి చెప్పావా?"

"లేదు."

"మరి నాకు చెప్తావేందిరా? నాకు తెలిసిందే గదా!"

అప్పుడు మాత్రం గొంతు పెంచాడు. ఒక పంతులమ్మ తరగతి గదిలోంచి తొంగిచూసింది. ఆయన స్టూలు మీంచి లేచాడు. బస్సు టైము అడిగి, స్టాండు దాకా వచ్చి ఎక్కించాడు.

మర్నాడు పొద్దున షావుకారు కొత్త కారులో గేటు దగ్గరికి రాగానే ఎదురుపోయి ఆపాను. ఆయన గదిలోకి పోయాక చెప్పవచ్చు. కాని బాబాయ్ మీద నింద పడింది అందరి ముందూ. వాచ్‌మన్, నలుగురు హమాలీలు వింటుండగా చెప్పాను. మధ్యలో ఆగి, మొదటినుంచి మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

షావుకారు కారు దిగి నిలబడ్డాడు.

"ఆ రోజు నేను అడిగాను గదరా నిన్ను. చూళ్ళేదన్నావు."

"చూశానండీ. నా ముందే డబ్బాలో వేశాడు. అబద్ధం చెప్పాను."

"మూడేళ్ళు నా గేటులో కూర్చుని..." అని ఆపేశాడు. నన్ను కొడతాడేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది. "ఇంటికి పో. సాయంత్రం వచ్చి లెక్క చూసుకో," అని, కారు తలుపు మీద చెయ్యేసి, "వాడెక్కడున్నాడు?" అని అడిగాడు. దర్శి బడి సంగతి చెప్పాను. బడి ఫోను నంబరు నా దగ్గర ఉంది, ఇచ్చాను.

సాయంత్రం వెళ్ళేసరికి ఆయన ఆఫీసు గదిలో ఒక్కడే ఉన్నాడు. కూర్చోమనలేదు. కాగితాలు సర్దుతూ, నా మొహం చూడకుండా చెప్పాడు.

"మాట్లాడాను. రమ్మన్నాను. రాడంట. కళ్ళు సరిగ్గా ఆనటం లేదంట, ఇక బండి నడపలేనన్నాడు. నిజమో, నా మీద కోపమో." కాగితాల కట్టకి తాడు చుట్టాడు. "నా తప్పు కూడా ఉంది, చుట్ట మాటెత్తి ఇంకేమీ చూడలేదు అన్నాను. ఆ మాటకి వాడు ఏమీ అనలేదు. నిన్ను తీసేస్తున్నానని చెప్పాను. దానికి మాత్రం అన్నాడు."

"ఏమన్నాడండీ?"

"తియ్యొద్దన్నాడు. 'ఇంకో పని వాడికి చేతగాదండీ, మీ గేటులోనే ఉంచండి' అన్నాడు. రెండుసార్లు అన్నాడు. రేపు టైముకి రా."

నేను వెళ్ళలేనని చెప్పాలనుకున్నాను. ఇంట్లో అమ్మకి మందులు, నాకు నిజంగానే ఇంకో పని చేతకాదు. మర్నాడు ఎనిమిదింటికి వెళ్ళి చీటీల పుస్తకం ముందు కూర్చున్నాను. వాచ్‌మన్ ఆ వారమంతా నాతో మాట్లాడలేదు. బాబాయ్ చెప్పిన ఆ మాట మీద ఆ గేటులో ఇంకో ఆరేళ్ళు పనిచేశాను.